మూడో ట్రాన్స్‌ఫర్‌కి ముందు

ఐవీఎఫ్‌లో ల్యాబ్‌లో పెంచిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. మాకు రెండో ట్రాన్స్‌ఫర్ కూడా నిలవలేదు. రెండుసార్లూ మంచి గ్రేడ్ బ్లాస్టోసిస్టే (ఐదారు రోజుల పిండం), గర్భాశయం పొర మందం కూడా సరిపడా ఉంది. "మెట్లెక్కావు, అందుకే" అన్నారు అత్తయ్య. నేనూ అదే నమ్మి రాత్రిళ్లు ఏడ్చాను.

మేం చూపించుకుంటున్న చోట రక్తంలో సైటోకైన్లు, ఎన్‌కే అనే రోగనిరోధక కణాల టెస్టులు రాశారు. తేడా ఉంటే ఆ రోగనిరోధక చర్యను తగ్గించడానికి ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు ద్రావణాన్ని నరంలోకి ఎక్కిద్దామన్నారు. డబ్బు కట్టే ముందు ఇంకో డాక్టరు గారికి ఫైలు చూపించాం. ఆవిడ బొమ్మ వేసి మరీ ఓపిగ్గా చెప్పారు.

సైటోకైన్లంటే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చిన్న ప్రోటీన్లు. ఐదారు రోజుల పిండం పైపొర చీల్చుకుని గర్భాశయం గోడకు అంటుకోవాలంటే, ఇటు గోడ నుంచీ అటు పిండం నుంచీ ఆ కబుర్లు వేళకు అందాలి. అందులో ఒకటి లిఫ్. 1992 నాటి ఎలుకల ప్రయోగం గురించి వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. లిఫ్ జన్యువు పనిచేయని ఆడ ఎలుకల్లో పిండాలు బాగానే తయారయ్యాయి, అంటుకోలేదు. అవే పిండాలను మామూలు ఎలుక గర్భంలో పెడితే అంటుకుని పెరిగాయి!

"అయితే నాకూ లిఫ్ ఇవ్వచ్చు కదండీ?" అన్నాను.

ఆ ప్రయత్నమూ జరిగిందట. పదేపదే విఫలమైన స్త్రీలకు ఇచ్చి చూస్తే ప్రెగ్నెన్సీలు పెరగలేదు. "వాపు తెచ్చే సైటోకైన్లు కూడా అంటుకునే రోజుల్లో కొంత అవసరమే అమ్మా, అన్నిటినీ అణిచేయకూడదు. పైగా చేతి నరంలోంచి తీసిన రక్తం గర్భాశయంలో ఏం జరుగుతోందో చెప్పదు" అన్నారు. యూరప్ సంతాన వైద్యుల సంఘం ఎష్రే కూడా 2023లో ఇంట్రాలిపిడ్‌ను మామూలుగా వాడాలని సిఫారసు చేయలేదు. చాలాసార్లు పిండంలోని క్రోమోజోముల లోపమే కారణమని కూడా చెప్పారు.

చివర్లో, గొంతు పెగుల్చుకుని మెట్ల సంగతి అడిగాను. "మెట్లెక్కితే పిండం జారిపోదు. మంచం మీద పడుకున్నంత మాత్రాన అంటుకోదు" అన్నారు. ఆ మాట కోసమే వెళ్లానేమో అనిపించింది.

టెస్టులు చేయించలేదు. మాత్రలతో పొర పెంచి, ఐదు రోజులు ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఇచ్చి, ఆరో రోజు ట్రాన్స్‌ఫర్ చేశారు. సాయంత్రం అత్తయ్య చెయ్యి పట్టుకుని మా రెండో అంతస్తుకు మెట్లెక్కాను. ఆవిడ ఏమీ అనలేదు. పద్నాలుగో రోజు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షలో 640 వచ్చింది, మరో రెండు రోజులకు 1400 దాటింది.