పాత కంప్యూటర్‌కి కొత్త సౌండ్ కార్డు: రెండు రోజులు ఏడిపించిన వైరు

ఇప్పుడే పాట వినిపించింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

మా పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు (లోపలుండే ప్రధాన బోర్డు) మీదుండే సౌండ్ చిప్ పోయింది. నాన్నగారు రోజూ పాటలు వినేది దాంట్లోనే. మెకానిక్ వచ్చి, మూతైనా తీయకుండా "బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ కొనుక్కోండి" అని తేల్చేశాడు. మూత తీయనివాడి మాట నమ్మకండి. సౌండ్ చిప్ ఒక్కటే పోతే బోర్డంతా పోయినట్టు కాదు. బోర్డు మీద ఖాళీ స్లాటు (కార్డు గుచ్చే గాడి) ఉంటే చాలు, వేరే సౌండ్ కార్డు పెట్టుకోవచ్చు. కాకపోతే కొనేముందే స్లాటు చూసుకోండి. పీసీఐ అనే పాతరకం కార్డు, తర్వాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పట్టదు. నాది పాత పీసీఐ.

ప్లగ్గు పీకి, ఒంట్లో స్టాటిక్ కరెంటు పోయేలా కేబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుని, కార్డు నొక్కి స్క్రూ బిగించాను. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరుచుకునే సెట్టింగులు) వెళ్లి బోర్డు సౌండ్‌ను డిజేబుల్ చేశాను. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, ఎక్కింది. అంతా అరగంట పని.

ఇక అక్కడినుంచి మొదలైంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో లోపం ఉంటే వచ్చే పసుపు గుర్తు లేదు. డిఫాల్ట్ డివైస్ కొత్త కార్డే. పాట పెడితే తెర మీద సౌండ్ చూపే పచ్చ గీతలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం చిన్న గరగర కూడా లేదు. డ్రైవర్ నాలుగుసార్లు తీసి మళ్లీ వేశాను. కార్డు ఊడదీసి పక్క స్లాటులో పెట్టాను. చివరికి ఆ మెకానిక్‌కే ఫోన్ చేశాను. "నేను ముందే చెప్పాను కదండీ" అని నవ్వాడు. ఫోన్ స్పీకర్ ఆన్‌లో ఉంది, నాన్నగారు పక్కనే ఉన్నారు. "పోనీలేరా, వదిలెయ్" అన్నారాయన. ఆ మాటకి రాత్రంతా నిద్రపట్టలేదు.

ఈ సాయంత్రం టార్చి వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టే ముందువైపు జాక్ వెనక వైరు ఎటు పోతోందో వేలితో పట్టుకుని చూశాను. అది మదర్‌బోర్డు పిన్నులకే ఉంది! నేను డిజేబుల్ చేసిన చిప్‌కి. కార్డుకీ ఆ జాక్‌కీ సంబంధమే లేదు. హెడ్‌ఫోన్స్ తీసి వెనక కార్డు మీదున్న ఆకుపచ్చ జాక్‌లో పెట్టాను. పాట! రెండు రోజులుగా కార్డు పాడుతూనే ఉందన్నమాట.

కానీ నాన్నగారు వంగి వెనక పెట్టుకోలేరు. ముందు జాకే పనిచేయాలి. అందుకే ఆ వైరును బోర్డు నుంచి తీసి కార్డుకి పెట్టాను. కార్డు మీద కూడా అలాంటి పిన్నులే ఉన్నాయి: రెండు వరసలు, ఒక పిన్ను కావాలనే ఉండదు. వైరు చివర ప్లగ్గులో కూడా ఒక రంధ్రం మూసి ఉంటుంది. ఆ రెండూ ఎదురెదురుగా వస్తేనే నొక్కండి, బలవంతం చేస్తే పిన్నులు వంగుతాయి. నా వైరుకి రెండు ప్లగ్గులున్నాయి, ఒకదాని మీద ఏసీ97 (పాత పద్ధతి) అని, రెండోదాని మీద హెచ్‌డీ ఆడియో (కొత్త పద్ధతి) అని. కార్డు మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అది పెట్టాలి. కొన్ని కార్డులకు ఈ పిన్నులే ఉండవు, కొనేటప్పుడే చూసుకోండి.

నాన్నగారు ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నారు. పిలిచినా పలకడం లేదు.