ఎలా తెలుసు సార్?

పోలీసు ఉద్యోగం వదిలేసి క్రిమినల్ జస్టిస్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇది రెండో ఏడు. కనపడ్డ ప్రతివాళ్ళూ ఇప్పుడు హాయిగా ఉందా అని అడుగుతారు. హాయి సంగతి దేవుడెరుగు, మొదటి సెమిస్టర్ అంతా గంట క్లాసుకి నాలుగైదు గంటలు చదువుకోవడంతోనే సరిపోయింది, కొన్ని రోజులైతే నైట్ డ్యూటీలే నయమనిపించింది.

నేననుకున్నదేంటంటే ఇన్నేళ్ళ సర్వీసుంది, కేసులు చెప్పుకుంటూ పోతే సెమిస్టర్ గడిచిపోతుందిలే అని. పిల్లలు వింటారు కూడా, ఫోన్లు పక్కన పడేసి మరీ వింటారు. తీరా మొదటి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తెలిసింది, నేను దొంగ వెంట పరిగెత్తిన కథ అందరికీ గుర్తుంది, అది ఎందుకు చెప్పానో ఒక్కళ్ళకీ గుర్తులేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. పోలీసు బండి వీధుల్లో తిరుగుతూ ఉంటే చాలు క్రైమ్ తగ్గుతుంది అని మంచి ధీమాగా చెప్పేశాను. వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తి "ఎలా తెలుసు సార్?" అంది. గొంతులో వెటకారమేమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది. నేను చేశాను కాబట్టి తెలుసు అన్నాను. స్టేషన్లో అయితే ఆ మాటతో అయిపోయేది.

ఇంటికెళ్ళి వెతికితే అమెరికాలో చేసిన కాన్సాస్ సిటీ ప్రయోగం దొరికింది. 1972-73లో అక్కడ 15 బీట్లు (పోలీసు గస్తీ ప్రాంతాలు) తీసుకుని ఐదింట్లో రొటీన్ పెట్రోలింగ్ ఆపేసి ఫోనొస్తేనే వెళ్ళారు, ఐదింట్లో ఎప్పట్లాగే తిరిగారు, మిగతా ఐదింట్లో బళ్ళు రెండు మూడు రెట్లు పెంచారు. ఏడాది చూసినా నేరాల్లో గానీ జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేను బండిలో తిరిగిన రాత్రులన్నీ గుర్తొచ్చి కాసేపు అలా కూర్చుండిపోయా. (నేరాలు ఎక్కువ జరిగే చిన్న చిన్న చోట్ల మీదే దృష్టి పెడితే ఫలితం ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది, కొంచెం ఊరట.) మర్నాడు క్లాసులో నిన్న చెప్పింది తప్పు అని ఒప్పుకున్నా. నోరు పెగలడానికి టైం పట్టింది.

సాక్షుల పాఠం ఇంకా కష్టం. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అని ఇద్దరు పరిశోధకులు, కార్ల యాక్సిడెంట్ ఫిల్ములు చూపించి స్పీడెంత అని అడిగారు. కార్లు "గుద్దుకున్నప్పుడు" అన్న అర్థంలో అడిగితే సగటున గంటకి 40.5 మైళ్ళు అన్నారు, "తగిలినప్పుడు" అని అడిగితే 31.8. చూసింది ఒకటే, మారింది ఒక్క మాట. మరి నేను "వాడి చేతిలో కత్తి చూశావు కదా?" అని ఎంతమందిని అడిగి ఉంటానో!

అలాగని పాత ఉద్యోగం దేనికీ పనికిరాలేదని కాదు. "నిందితుడు కంగారుగా ఉన్నాడు" అని ఎవరైనా రిపోర్టులో రాస్తే కొట్టేస్తా, కంగారు నీకెలా కనిపించిందమ్మా, చెమట పట్టిందా, చేతులు వణికాయా, అది రాయి అంటా. డిఫెన్స్ లాయర్ ముందు బోనులో నిలబడి నీళ్ళు నమిలినవాడికే ఆ విలువ తెలిసేది. నడుస్తున్న కేసుల గురించి మాత్రం నోరెత్తను, పాతవైనా పేర్లూ వివరాలూ మార్చేస్తా, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎవరింట్లో ఏం జరిగిందో మనకేం తెలుసు.

ఇటు రావాలనుకునే వాళ్ళకి ఒక్క మాట. ఆగస్ట్ వోల్మర్ అనే అమెరికన్ పోలీస్ చీఫ్ కాలేజీ డిగ్రీ లేకుండానే 1916లో బర్కిలీ యూనివర్సిటీలో పోలీసు పాఠాలు మొదలుపెట్టాడు. ఇప్పుడు మనకి ఆ వీలు లేదు, మాస్టర్స్ దాదాపు అన్నిచోట్లా అడుగుతున్నారు, సర్వీసులో ఉండగానే చదువు పూర్తిచేసి, వీలైతే పార్ట్‌టైంగా ఒక సాయంత్రం క్లాసు చెప్పి చూడండి.

మొన్న నా పాత బ్యాచ్‌మేట్‌ని గెస్ట్ లెక్చర్‌కి పిలిచా. వాడూ అదే ధీమా, బండి తిరిగితే దొంగలుండరు అన్నాడు. ముందు వరసలో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. పాపం మావాడు నా వైపు చూశాడు, నేను అటెండెన్స్ కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నా.