బోర్డు మీద ఉన్నది ఏ నంబరు?

మా తమ్ముడి కొడుకుకు ఆటిజం ఉందని తేలాక, గత వేసవిలో వాణ్ణి చేర్పించడానికి గుంటూరులో మూడు ప్రైవేటు ప్రత్యేక పాఠశాలలకు వెళ్ళి చూశాము. మూడింటి బోర్డుల మీదా ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అనే ఉంది. పక్కనే ఒక నంబరు.

మొదటిదాంట్లో ఆఫీసు గదిలో ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన కాగితాన్ని దగ్గరికి వెళ్ళి చదివితే, అది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇచ్చిన పత్రమని అర్థమైంది. సాహితీ సమితికైనా, కాలనీ సంక్షేమ సంఘానికైనా ఆ పత్రమే ఇస్తారు. ఆ పేరుతో ఒక సంఘం నమోదయిందనడానికే అది రుజువు, బడికి కాదు.

మనం అడగవలసిన కాగితం వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా దివ్యాంగుల కోసం ఏ సంస్థనూ నెలకొల్పరాదు, నడపరాదు. దరఖాస్తు అందిన 90 రోజులలోగా అధికారి విచారణ జరిపి, సంతృప్తి చెందితే పత్రం ఇవ్వాలి. దానికి గడువు ఉంటుంది. రెండో పాఠశాలలో ఆ పత్రం ఉన్నది కానీ గడువు తీరిపోయింది. అడిగితే “రెన్యూవల్‌కు పెట్టామండి” అన్నారు. పెట్టిన రసీదు మాత్రం చూపలేదు.

ఎక్కువమంది పొరపడేది ‘ఆర్‌సీఐ గుర్తింపు’ అన్న మాట దగ్గర. 1992 నాటి చట్టంతో ఏర్పడిన ఈ భారత పునరావాస మండలి ప్రత్యేక విద్యలో డిప్లొమా, బీఈడీ వంటి శిక్షణ కోర్సులకు అనుమతి ఇస్తుంది, ఆ కోర్సులు చదివినవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో (సీఆర్ఆర్) నమోదు చేస్తుంది. కాబట్టి మేడ మీద టీచర్ల కోర్సు నడుపుకోవడానికి వచ్చిన అనుమతిని కింద పిల్లల బడికి వచ్చిన గుర్తింపుగా చూపడం సరికాదు. తల్లిదండ్రులు అడగవలసింది టీచరు సీఆర్ఆర్ నంబరు, అది ఏ సంవత్సరం వరకు చెల్లుతుందన్న సంగతి. నమోదు లేకుండా ఈ వృత్తి చేసేవారికి చట్టం ఏడాది వరకు జైలో, 1,000 రూపాయల వరకు జరిమానానో, రెండూనో విధించవచ్చునంటుంది. మా తమ్ముడు స్కూలు ఆటోకు నెలకు కట్టేది ఆ జరిమానా కంటే ఎక్కువ!

కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నా తరగతి గది చూడకుండా ఫీజు కట్టవద్దని నా అభిప్రాయం. ప్రత్యేక పాఠశాలల్లో ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలు ఐదుగురికి ఒక టీచరు ఉండాలన్న ప్రమాణాన్ని సుప్రీంకోర్టు 2021 నాటి తీర్పులో ప్రస్తావించింది. రెండో పాఠశాలలో గది గుమ్మం ముందు పద్నాలుగు జతల చెప్పులు లెక్కపెట్టాను. లోపల ఒక టీచరు, ఒక ఆయా.

మూడో పాఠశాలలో నేను అడగకముందే టీచరమ్మ తన సీఆర్ఆర్ పత్రం జిరాక్సు తీసి బల్ల మీద పెట్టి, ఒక పిల్లవాడి ఫైలును పేరున్న అట్ట మడిచి చూపించారు. జూన్ నెల లక్ష్యం ‘చొక్కా పై రెండు బొత్తాలు తానే పెట్టుకొనుట’. ఎదురుగా తేదీలు, వాటిలో మూడింటికి మాత్రమే టిక్కులు. మావాణ్ణి అక్కడే చేర్పించాము.