నాయనకు ఎరుపు కనపడని రోజు

ఆ రోజు మగ్గం మీద ఉండేది డబుల్ షేడ్ చీర. పడుగు (నిలువు పోగులు) కుంకుమ ఎరుపు, పేక (అడ్డపోగులు) చిలకపచ్చ. ఇటు నుంచి చూస్తే ఎర్రగా ఉంటుంది, బట్టను కాస్త వంచితే పచ్చగా మెరుస్తుంది. ఈ మెరుపు కోసమే ధర్మవరం చీరను వెతుక్కుంటూ వస్తారు. నాయన మగ్గం గుంతలో కూర్చుని, పేకను అటూ ఇటూ తీసుకుపోయే నాడెలో కండె (పేక దారం చుట్టిన గొట్టం) మార్చుకున్నాడు, నేస్తా పోతున్నాడు. పక్కన కండెలు చుడుతున్న అమ్మ తలెత్తి చూసి, "అదేందయ్యా, ఎర్ర కండె ఏసినావు?" అనింది.

నాయన ఆపినాడు. బట్ట మీదికి బాగా వంగి చూసి, "పచ్చదే కదమే ఇది" అన్నాడు.

నాలుగు వేళ్ల వెడల్పున నేత, పచ్చ ఉండాల్సిన చోటంతా ఎరుపే. ముప్పై ఏళ్లకు పైగా నేసిన మనిషి. కరెంటు పోయి దీపం పెట్టుకున్నా వంగపండు రంగుకూ బచ్చలిపండు రంగుకూ తేడా చెప్పేవాడు. ఆ పేకంతా అమ్మే ఒక్కొక్క పోగు ఊడదీసింది. నాయన గుంతలోంచి లేవకుండా అలాగే చూస్తా కూర్చున్నాడు.

అప్పటికి ఆయనకు టీబీ మందులు మొదలై నాలుగో నెల. మొదటి రెండు నెలలూ ఒకే మాత్రలో నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాత పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇంకో నాలుగు నెలలు. నాయన బరువు 52 కిలోలు కాబట్టి రోజుకు 4 మాత్రలు. ఒక్కో మాత్రలో ఇథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు. మందులిచ్చిన రోజు, "ఉచ్చ ఎర్రగా వస్తుంది, భయపడొద్దు" అని మాత్రం రెండుసార్లు చెప్పి పంపినారు. అది రిఫాంపిసిన్ వల్ల, దాంతో ఏ ప్రమాదమూ లేదు. కళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది. ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు కదా.

చీర కంటే ముందే గుర్తులు కనపడినాయి. టీవీలో అక్షరాలు అలికినట్టున్నాయని అంటా ఉన్నాడు. చత్వారం పెరిగిందేమోనని అద్దాల అంగడికి తీసుకుపోతే కొత్త అద్దాలు వేసినారు. మూడు వారాలు అట్ల పోయినాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీళ్లు కారడం లేదు. అందుకే మాకు అనుమానం రాలేదు.

అనంతపురంలో కంటి డాక్టరమ్మ చుక్కల పుస్తకం తెరిచింది. ఇషిహారా పుస్తకం అంటారు దాన్ని, రంగు చుక్కల్లో దాగిన అంకెను చదవాలి. మొదటి పేజీలో 12 ఉంటుంది, రంగులు తెలియనివాళ్లు కూడా దాన్ని చదవగలరు. నాయన టకీమని చెప్పినాడు. రెండో పేజీ తిప్పితే మాట రాలేదు. మూడో పేజీకి నా వైపు తిరిగి, "ఏమన్నా ఉందా పాపా అందులో?" అని అడిగినాడు. నాకు 6 స్పష్టంగా కనపడుతోంది. చెప్పలేకపోయినాను.

కంటి లోపల చూస్తే తేడా ఏమీ లేదంట. దెబ్బ తగిలింది వెనకాల, కంటి నుంచి మెదడుకు పోయే నరానికి. ఇథాంబ్యుటాల్ ఆ నరం మీద పనిచేసేటప్పుడు ముందు రంగులు, ముఖ్యంగా ఎరుపూ పచ్చా, మసకబారుతాయి. చూపు నడిమధ్య మరక పడినట్టు అవుతుంది. మనిషి చెవులు కనపడతాయి, ముక్కూ నోరూ కనపడవు. కల్తీ సారాలో మిథనాల్ తాగినవాళ్లకు చూపు పోయేదీ ఈ నరం దెబ్బతినే, కాకపోతే అది ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుందని ఆమె చెప్పింది. ఇథాంబ్యుటాల్ బయటికి పోయేది ఎక్కువగా మూత్రపిండాల గుండా. నాయనకు పదేళ్లుగా షుగరు. రక్తం చూపిస్తే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. పోవాల్సిన మందు పోకుండా ఒంట్లోనే నిలిచిపోయిందన్నమాట. ఆ రక్త పరీక్ష మొదటి రోజే చేయాల్సింది.

నాయన ఆ రాత్రే మాత్రలన్నీ పారేస్తానన్నాడు. డాక్టరమ్మ అప్పటికప్పుడే టీబీ డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది కాబట్టి సరిపోయింది. ఆయన ఇథాంబ్యుటాల్ ఒక్కటే ఆపి, మిగతా మందులు విడిగా రాసినాడు. మీ ఇంట్లో ఎవరన్నా ఈ మాత్రలు మింగుతుంటే సొంతంగా మానేయొద్దండి, టీబీ తిరగబెట్టి మొండిదవుతుంది. చూపులో చిన్న తేడా కనిపించినా అదే రోజు డాక్టరుకు చెప్పండి. తొందరగా ఆపితే చాలామందికి చూపు తిరిగొస్తుంది, కొందరికి రాదు.

టీబీ తగ్గింది. కఫం పరీక్షలో ఏమీ రాలేదు. చూపు మాత్రం నిదానంగా వస్తోంది. నాయన మళ్లీ గుంతలోకి దిగినాడు. అమ్మ ఎర్ర కండె గొట్టానికి బ్లేడుతో ఒక గాటు, పచ్చదానికి రెండు గాట్లు పెట్టి ఇస్తుంది. ఆయన బొటనవేలితో తడిమి నాడెలో పెట్టుకుంటాడు.

ఆదివారం ఆదివారం నేను మందు సీసా ఎర్ర మూత పట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఇంకోసారి చూపిస్తాను. ఏ రంగంటే అది క్యాలెండర్ మీద రాస్తాను. మొదట్లో రెండు కళ్లకూ "మట్టి రంగు" అనేవాడు. నెలన్నరకు "ఇటుక రంగు" అన్నాడు. మొన్న కుడి కంటితో చాలాసేపు చూసి, "ఎండు మిరపకాయ మాదిరి ఉంది, పోయినేటిది" అన్నాడు. ఎడమ కంటికి ఇంకా ఇటుకే.