స్కూలు కోసం వచ్చినవాళ్ళం

"మీ వాళ్ళు స్కూలు కోసం వస్తారు. ఊరి కోసం ఎవరూ రారు."

ఇండియా నుంచి అమెరికాకి, ఈ మసాచుసెట్స్ రాష్ట్రానికి వచ్చిన మాలాంటివాళ్ళ గురించి మా వీధి చివర్లో ఉండే పెద్దావిడ ఈ మాట అని చాలా కాలమైంది. కోపంగా ఏమీ అనలేదు. పిల్లలు బస్సు ఎక్కడానికి రోడ్డు అంచునే నడవాల్సి వస్తోందనీ, చలికాలంలో మంచు కుప్పలు పడితే ఆ అంచు కూడా మిగలదనీ, టౌన్ వాళ్ళు ఒక సైడ్‌వాక్ వేయలేరా అనీ నేనే మాట కదిపాను. "ఎవరినైనా అడిగారా?" అంది. ఎవరిని అడగాలో తెలిస్తే కదా అన్నాను. అప్పుడు అంది.

ఆ రాత్రి అన్నాలు వడ్డిస్తున్నంతసేపూ అదే తలుచుకుంటూ ఉన్నాను. ఏం తక్కువ చేశామని? మూడు నెలలకోసారి ప్రాపర్టీ టాక్స్ గడువు తప్పకుండా కడుతున్నాం. లేనివాళ్ళకి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి బియ్యం, పప్పులు పంపుతాం. ఆష్‌లాండ్‌లో లక్ష్మీదేవి గుడికి వెళ్తే ఎవరూ అడక్కుండానే వడ్డనకి నిలబడతాం. దీపావళికి వీధిలో ప్రతి ఇంటికీ స్వీట్లు పట్టుకెళ్తాం. ఇంతకంటే ఊరి కోసం రావడమంటే ఏం చేయాలి?

అసలు మంట వేరే చోట ఉంది. మాకు ఇక్కడ ఓటు లేదు. మా ఆయనది హెచ్1బీ, అంటే ఉద్యోగం మీద వచ్చే తాత్కాలిక వీసా. ఇక్కడ స్థిరంగా ఉండిపోవడానికిచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల మనవాళ్ళ క్యూ ఎంత పొడుగో ఇది చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ కార్డు వచ్చాక మామూలుగా మరో ఐదేళ్ళు ఆగితేగానీ సిటిజన్‌షిప్ రాదు. అప్పటికి పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోతారు. పన్ను మాత్రం మొదటి రోజు నుంచీ అందరితో సమానంగా కడతాం. మేరీల్యాండ్‌లో టకోమా పార్క్ అనే చిన్న ఊరు 1990ల మొదటి నుంచీ సిటిజన్లు కానివాళ్ళకి కూడా ఊరి ఎన్నికల్లో ఓటు ఇస్తోంది. మా మసాచుసెట్స్‌లో కూడా ఆంహర్స్ట్, కేంబ్రిడ్జ్ లాంటి ఊళ్ళు అలా ఇస్తామని అడిగాయి. దానికి రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి, అది ఒప్పుకోలేదు. మరి రాలేదని మమ్మల్ని అనడం ఏం న్యాయం?

ఇంకోసారి కలిసినప్పుడు ఇదంతా ఆవిడకి వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, "ఓటు లేదు, సరే. మాట్లాడొద్దని ఎవరన్నారు?" అంది. ఈ రెండో మాట నన్ను మొదటి మాట కంటే ఎక్కువ కాలం పట్టుకుంది.

కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఇక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. మసాచుసెట్స్‌లో ఊళ్ళూ నగరాలూ కలిపి 351. వాటిలో ఎక్కువ ఊళ్ళకి మేయరు లేడు. 1630ల నుంచీ వస్తున్న టౌన్ మీటింగే ఊరికి శాసనసభ. హాప్‌కింటన్, వెస్ట్‌బరో లాంటి చోట్ల అది ఓపెన్ టౌన్ మీటింగ్, అంటే ఓటరుగా నమోదైన ప్రతి మనిషీ వచ్చి కూర్చుని బడ్జెట్ మీద స్వయంగా ఓటెయ్యొచ్చు. ష్రూస్‌బరీ, లెక్సింగ్టన్ లాంటి చోట్ల ఎన్నికైన ప్రతినిధులు వేస్తారు. ఆరు వేల జనాభా లేని ఊరైతే ప్రతినిధుల పద్ధతికి చట్టమే ఒప్పుకోదు, ఊరంతా కూర్చోవాల్సిందే. రోజువారీ పాలన సెలెక్ట్ బోర్డు చూస్తుంది. లెక్కలన్నీ ముందుగా ఫైనాన్స్ కమిటీ జల్లెడ పడుతుంది. టౌన్ మీటింగ్‌లో ఏమేం తేలుస్తారో రాసిన పత్రాన్ని వారెంట్ అంటారు, అందులో ఒక్కో అంశం ఒక్కో ఆర్టికల్. వార్షిక సమావేశానికి కనీసం ఏడు రోజుల ముందు అది బయట పెట్టాలి. మిగతా ఏ బోర్డు కూర్చోవాలన్నా, శని ఆదివారాలూ సెలవులూ లెక్కలోకి రాకుండా, 48 గంటల ముందు అజెండా ప్రకటించాలి.

మా ఊరు ఓపెన్ టౌన్ మీటింగ్ ఊరు. ఆవిడ మాట పడ్డ మరుసటి వసంతంలో వెళ్ళాను. హైస్కూల్ ఆడిటోరియం. తలుపు దగ్గర ఓటర్ల జాబితాతో టేబుళ్ళు. నేను ఓటరుని కాదని చెబితే నవ్వుతూనే పక్కకి చూపించారు. అక్కడ కొన్ని వరసలకి తాడు కట్టి, ఓటరు కానివాళ్ళు ఇక్కడ కూర్చోవాలని కాగితం అంటించారు.

ఆ తాడు గురించి నేను చాలా రోజులు బాధపడ్డాను, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కారణం తెలుసు. చేతులెత్తి లెక్కపెట్టే సభలో ఓటున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిపోతే లెక్క పాడవుతుంది. సభని నడిపే మోడరేటర్ ప్రకటించిన ఫలితం మీద ఏడుగురు ఓటర్లు లేచి అనుమానం చెబితే మళ్ళీ లెక్కపెట్టి తీరాలని చట్టంలోనే ఉంది, కాబట్టి ఎవరెక్కడ కూర్చున్నారో తెలియాలి. నిజానికి ఆ తాడు మనకీ రక్షణే. సిటిజన్ కానివాళ్ళు పొరపాటున ఓటరు జాబితాలో చేరినా, ఓటేసినా ఇమ్మిగ్రేషన్‌లో అది ఎంత పెద్ద ప్రమాదమో తెలిసిందే, ఏకంగా దేశం నుంచి పంపించేయొచ్చు కూడా. డ్రైవింగ్ లైసెన్స్ కోసం వెళ్ళినప్పుడు ఇచ్చే కాగితాల్లో ఓటరు నమోదు కూడా ఉండొచ్చు, అవి రెండుసార్లు చదివి సంతకం పెట్టాలి. ఇవన్నీ తెలిసినా, సొంత ఇంటికి పన్ను కట్టే ఊళ్ళో తాడు అవతల కూర్చోవడం ఎవరికీ హాయిగా ఉండదు. మా ఊళ్ళో గ్రామసభ జరిగితే పొరుగూరి అల్లుడు వచ్చి బెంచీ మీద కూర్చుని మాట్లాడినా నువ్వెవరని అడిగేవాళ్ళుండరు.

కానీ ఆ తాడు వెనక కూర్చుని నేను చూసింది కూడా చెప్పాలి. ఒక ట్రక్కు కొనడం మీద ముప్పావు గంట వాదించారు. పాతది ఎన్ని మైళ్ళు తిరిగింది, మరమ్మతులకి ఎంతైంది, పక్క ఊరితో కలిసి కొనలేమా అని. అడిగినవాళ్ళలో ప్లంబర్ ఉన్నాడు, రిటైరైన టీచర్ ఉంది. మైకు దగ్గరకొచ్చి పేరూ వీధీ చెప్పి, మాట మోడరేటర్‌కే చెప్పాలి. ఎదుటివాడిని నేరుగా అనకూడదు. ఆ ఒక్క నియమం వల్ల గొడవ ఎంత తగ్గుతుందో చూసి ఆశ్చర్యపోయాను. ఇరవై ఏళ్ళుగా పక్కపక్క ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఒకరి మాట ఒకరు పూర్తిగా కొట్టేసి, బయటికొచ్చి ఒకే కార్లో వెళ్ళిపోయారు.

ఓటరు కానివాళ్ళు మాట్లాడాలంటే మోడరేటరో, సభో అనుమతించాలి. ఊరిని బట్టి పద్ధతి మారుతుంది. అందుకని నేను అక్కడ కాకుండా ముందు మెట్టు దగ్గర మొదలుపెట్టాను. సెలెక్ట్ బోర్డు సమావేశంలో పబ్లిక్ కామెంట్ అని కొంచెం సమయం ఉంటుంది. ఫైనాన్స్ కమిటీ, ప్లానింగ్ బోర్డు పబ్లిక్ హియరింగ్ పెడితే ఊరివాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు, వీసా ఏమిటని ఎవరూ అడగరు.

అయినా భయమేసింది. చాలా టెన్షన్ పడ్డాను. నా పేరు, మా వీధి రికార్డులోకి వెళ్తాయి, మినిట్స్‌లో ఉంటాయి, వీడియో ఉంటుంది. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే? మా ఆయన కూడా "మనకెందుకు ఇవన్నీ" అన్నారు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఈ భయం అర్థం కాదు. అర్థం కాలేదని తప్పు పట్టను కూడా. సౌత్‌బరోలో జరిగిన కేసు గురించి చదివితే వాళ్ళ ధైర్యం ఎక్కడిదో తెలుస్తుంది. సెలెక్ట్ బోర్డు మీద కటువుగా మాట్లాడిన ఒకావిడని మర్యాద నియమాల పేరుతో ఆపితే, ఆవిడ కోర్టుకెళ్ళింది. జనం తమ పాలకుల దగ్గరకి వచ్చి కష్టం చెప్పుకునేటప్పుడు మర్యాదగానే చెప్పాలని నిర్బంధించకూడదని 2023లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. దానికి ఆధారం జాన్ ఆడమ్స్ ముసాయిదా రాసిన 1780 నాటి రాష్ట్ర రాజ్యాంగం. రెండు వందల నలభై ఏళ్ళ వెనకటి వాక్యం ఒక చిన్న ఊరి సమావేశానికి అడ్డం నిలబడింది. ఈ దేశంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవాటిలో ఇదొకటి.

మనకి మాత్రం ఏం తక్కువ? ఇండియాలో 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక గ్రామసభకి రాజ్యాంగంలోనే చోటు దొరికింది. నాన్న వార్డు మెంబరుగా చేసిన రోజుల్లో మినిట్స్ పుస్తకం మా ఇంటి అరుగు మీదకి రావడం, ఇంటింటికీ తిరిగి సంతకాలూ వేలిముద్రలూ చేరడం చిన్నప్పుడు చూశాను. సభ జరిగిందా అని అడిగితే నాన్న మాట మార్చేవారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆ రాత్రి ఫోన్ చేస్తే నాన్న ఉత్సాహంగా, "మన వీధి కాల్వ కూడా ఉపాధి పనుల్లో రాయించానమ్మా" అన్నారు. ఈ వయసులో ఎండలో నడిచి వెళ్ళి రాయించారు. ఊరి సభకి వెళ్ళడం మాకు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పిలిస్తే, మాట రాసుకుంటే, మనవాళ్ళు వస్తారు.

సెలెక్ట్ బోర్డు ముందు సైడ్‌వాక్ సంగతి మాట్లాడాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు రాసుకున్నారు. సమాధానం చెప్పలేదు. అజెండాలో లేని విషయం మీద వాళ్ళు అక్కడికక్కడ చర్చించరని, అది నిర్లక్ష్యం కాదని తర్వాత తెలిసింది. టౌన్ ఇంజనీరు ఫోన్ చేసి, సైడ్‌వాక్‌లకి ఒక ప్రాధాన్య జాబితా ఉందనీ, మా వీధి అందులో కింద ఉందనీ చెప్పాడు. పైకి రావాలంటే పదిమంది ఓటర్ల సంతకాలతో ఆర్టికల్ పెట్టొచ్చని కూడా ఆయనే చెప్పాడు. వార్షిక టౌన్ మీటింగ్‌కి పదిమంది చాలు. ఆ పదిమందీ నిజంగా ఓటర్లేనని టౌన్ క్లర్క్ ఆఫీసు సరిచూస్తుంది.

ఆర్టికల్ నేనే రాశాను. సంతకం పెట్టే హక్కు మాత్రం నాకు లేదు. సరే, మన తెలుగువాళ్ళని అడుగుదామని తిరిగాను. మా చుట్టుపక్కల సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు నేననుకున్నదానికంటే చాలామంది ఉన్నారు. అందులో చాలామంది ఓటరుగా నమోదే కాలేదు. "ప్రెసిడెంట్ ఎలక్షన్‌కి చూద్దాంలెండి" అన్నారు. నేను పదేళ్ళుగా దేనికోసం ఎదురుచూస్తున్నానో అది చేతికొచ్చి, డ్రాయర్లో పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు మాత్రం పెద్దావిడ మాట గుర్తొచ్చి గట్టిగా తగిలింది. వాళ్ళకీ కారణాలున్నాయి. సాయంత్రం ఏడింటికి మీటింగ్ అంటే హైదరాబాద్ టీమ్‌తో కాల్ సమయం, పిల్లల కుమాన్ ట్యూషన్, రాత్రి వంట. నేనూ ఆ బతుకే బతుకుతున్నాను కాబట్టి తెలుసు. కానీ స్కూల్ బడ్జెట్ కోస్తే ముందు గగ్గోలు పెట్టేదీ మనమే.

పెద్దావిడ సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆవిడే చెప్పింది. 1980లో జనం ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ రెండున్నర అనే చట్టం ప్రకారం ఊరు మొత్తంగా వసూలు చేసే ప్రాపర్టీ టాక్స్, కొత్త కట్టడాల మీద వచ్చేది కాకుండా, ఏడాదికి రెండున్నర శాతమే పెరగాలి. అది దాటాలంటే ఓవర్‌రైడ్ అని ఓటింగ్ పెట్టాలి. స్కూళ్ళ కోసం ఓవర్‌రైడ్ వచ్చిన ప్రతిసారీ మాలాంటి ఇళ్ళు గెలవాలని కోరుకుంటాయి. ఆవిడకి పెన్షన్ ఒక్కటే ఆధారం. ఆ ఇంట్లోనే పిల్లల్ని పెంచింది, భర్తని పోగొట్టుకుంది. పన్ను పెరిగిన కొద్దీ ఆ ఇల్లు అమ్ముకోవాల్సిన రోజు దగ్గరవుతుంది. "మీ పిల్లలు చదువైపోతే మీరు వెళ్ళిపోతారు. నేనెక్కడికి వెళ్ళాలి?" అంది. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మేము వెళ్ళిపోతామో లేదో మా చేతుల్లో కూడా లేదు కదా అని మాత్రం అన్నాను.

టౌన్ మీటింగ్ రోజు మా ఆర్టికల్ మీద ఆవిడ మైకు దగ్గరకొచ్చి వద్దనే మాట్లాడింది. డబ్బు లేదు, ఇంకా అవసరమైన వీధులున్నాయి అంది. నేను తాడు అవతల నుంచి చెయ్యెత్తాను. మోడరేటర్ సభని అడిగాడు, ఎవరూ కాదనలేదు. మాట్లాడేటప్పుడు చేతిలో కాగితం వణుకుతూనే ఉంది, అయినా చెప్పాల్సింది చెప్పాను. చివరికి సైడ్‌వాక్ మంజూరు కాలేదు. ఆర్టికల్‌ని అధ్యయనం కోసం కమిటీకి పంపాలని సవరణ తెచ్చారు, అది నెగ్గింది.

ఆ కమిటీ నెలకోసారి టౌన్ హాల్లో కూర్చుంటుంది. పెద్ద బల్ల చుట్టూ కుర్చీలుంటాయి, ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. వచ్చే సమావేశంలో మా వీధి కొలతలు చూస్తారట. సంతకం పెట్టిన తెలుగువాళ్ళలో ఇద్దరు వస్తామన్నారు. పెద్దావిడ కూడా వస్తుంది, ఖర్చు లెక్క అడగడానికి.