పాత స్లాబు నుంచి కొత్త కంకర: నా అనుభవం

హన్మకొండలో మా నాన్నగారు 1986లో కట్టించిన ఇంటిని నిరుడు కూల్చినప్పుడు, స్లాబు పెళ్లలను చెరువు గట్టున పారబోయించడానికి మనసొప్పక, వాటినే కంకర కొట్టించి కొత్త ఇంటి వాకిట్లో కాంక్రీటుకు వాడాలని నిర్ణయించుకున్నాను. సివిల్ ఇంజినీరునైనా, అంతవరకు నేను వాడింది గ్రానైటు కంకర మాత్రమే.

కాంక్రీటు కంకరకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383 (2016) ప్రకారం, కాంక్రీటును పగలగొట్టి తీసిన కంకరను ఊచలు లేని కాంక్రీటులో మొత్తం కంకరలో 25 శాతం వరకు, ఎం25 (28 రోజులకు 25 మెగాపాస్కల్స్ ఒత్తిడిని తట్టుకునేది) లేదా అంతకు తక్కువ గ్రేడు ఆర్‌సీసీలో, అంటే ఊచలు వేసిన కాంక్రీటులో, 20 శాతం వరకు వాడవచ్చు. ఇటుక ముక్కలు కలిసినదైతే ఎం15 లోపు, పునాది అడుగున పరిచే బెడ్డు కాంక్రీటుకే పరిమితం. అందుకని ఇటుకలు, టైల్సు, గోడల సున్నం మూడు రోజులు కూలీలతో ఏరించాను. పాత ఊచలు అమ్మగా వచ్చిన డబ్బు ఆ కూలికే సరిపోయింది.

క్రషర్ నుంచి వచ్చిన 20 మిల్లీమీటర్ల కంకర చూపుకు బాగానే ఉంది కానీ, చేతిలోకి తీసుకుంటే ప్రతి రాయికీ పాత మాలు అంటుకుని, గోటితో గీరితే బూడిదరంగు పొడి రాలింది. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, పైతడిని గుడ్డతో అద్ది తూచితే 2,110 గ్రాములున్న నమూనా, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర మరో రోజు ఆరాక 2,008 గ్రాములకు దిగింది. అంటే 5.1 శాతం నీటిని పీల్చుకుంది. పక్కనే పరీక్షించిన గ్రానైటు కంకర పీల్చింది 0.6 శాతమే. కంకరపై బరువైన సుత్తిని పడవేసే ఇంపాక్ట్ పరీక్షలో 15 దెబ్బలకు గ్రానైటు 19 శాతం నలిగితే, ఇది 27 శాతం నలిగింది. నేల కాంక్రీటుకు పరిమితి 30 కాబట్టి గట్టెక్కింది.

అంత తెలిసీ మొదటి మాలులో పొడి కంకరే వేయించడం నా పొరపాటు. ఇరవై నిమిషాలకే మాలు బిగుసుకుపోతుంటే, "గిదేం కంకర సార్, ఎన్ని నీళ్లు వోసినా గుంజుకుంటాంది" అంటూ మేస్త్రీ నా కళ్లముందే మరో బకెట్టు కుమ్మరించాడు. ఆ మాలుతో బలం పరీక్షకు పోసిన క్యూబులు 28 రోజులకు సగటున 21 మెగాపాస్కల్స్ దగ్గరే పగిలాయి. ఎం20కి, అంటే 20 మెగాపాస్కల్స్ బలానికి, కొంత మార్జిన్ కలిపి నేను వేసుకున్న లక్ష్యం 26.6.

రెండోసారి కంకరను రాత్రంతా నానబెట్టి, తెల్లవారి గోనెసంచుల మీద పైతడి ఆరనిచ్చి, 25 శాతానికి మించకుండా కలిపించాను. ఈసారి సగటు 27కు చేరింది. పగిలిన క్యూబును తిప్పి చూస్తే, గ్రానైటు రాళ్లు చెక్కుచెదరలేదు; పగులు వాటిని చుట్టుకుని, నాన్నగారి కాలం నాటి మాలు పొర వెంటే సాగింది.