ఈఈప్రామ్ చిప్‌ను ఫోల్డరులా తెరవడం: ఇంతవరకు జరిగిన పని

ఏటీ24సీ256 అనే ఈఈప్రామ్ చిప్‌ను (కరెంటు పోయినా రాసినది నిలిచే మెమరీ) రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు తగిలించి, మైక్రోపైథాన్‌లో (ఇలాంటి బోర్డుల కోసం చేసిన పైథాన్) మామూలు ఫోల్డరులా వాడుకోవాలని మొదలుపెట్టాను. పికోలోనే 2 ఎంబీ ఫ్లాష్ ఉంది. అయినా మేడ మీది మొక్కల దగ్గర తీసుకునే ఉష్ణోగ్రతలు ప్రోగ్రాముతో కలిసి ఉండకూడదు. పికోను పూర్తిగా తుడిచినా ఆ కొలతలు నిలవాలి.

శనివారం: పికో పిన్నుల్లో జీపీ4ను చిప్ ఎస్‌డీఏకి (డేటా తీగ), జీపీ5ను ఎస్‌సీఎల్‌కి (క్లాక్ తీగ) కలిపాను. ఆ రెండింటికీ 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్‌లు (తీగను పై వోల్టేజీ దగ్గర నిలిపే రెసిస్టర్లు). రాయకుండా అడ్డుకునే డబ్ల్యూపీ పిన్ను గ్రౌండుకు, అంటే రాయడానికి అనుమతి. స్కాన్ చేస్తే చిప్ చిరునామా 80 అని వచ్చింది, అంటే చిప్ పలికింది.

ఆదివారం: మౌంట్ చేయడానికి, అంటే చిప్‌ను ఫోల్డరుగా తగిలించడానికి, మైక్రోపైథాన్ అడిగేది మూడు ఫంక్షన్లే: రీడ్‌బ్లాక్స్, రైట్‌బ్లాక్స్, ఐఓసీటీఎల్. చిప్‌లోని 32 కేబీని 512 బైట్ల చొప్పున 64 బ్లాకులుగా చూపించాను. ఐఓసీటీఎల్‌కు ఆదేశాలు అంకెలుగా వస్తాయి: 4కు బ్లాకుల సంఖ్య, 5కు బ్లాకు పరిమాణం, 6కు సున్నా తిరిగి ఇవ్వాలి. ఆ 6 బ్లాకును చెరపమనే ఆదేశం; ఈఈప్రామ్‌ను ముందుగా చెరపనక్కరలేదు. రాస్తుండగా కరెంటు పోయినా చెదరదని ఫైల్ సిస్టమ్‌గా లిటిల్‌ఎఫ్‌ఎస్‌ను ఎంచుకున్నాను. అది ఆఫ్‌సెట్‌ను (బ్లాకులో ఎన్నో బైటు నుంచి అనేది) కూడా పంపుతుంది కనుక మొదటి రెండు ఫంక్షన్లలో దానికి చోటు ఉంచాలి.

చిన్న ఫైలు చక్కగా రాసింది, పెద్దది ఎర్రర్‌తో ఆగింది. రెండు సాయంత్రాలు ఫైల్ సిస్టమ్‌నే అనుమానించాను. చివరికి దాన్ని పక్కనపెట్టి, సున్నా చిరునామా నుంచి 128 బైట్లు నేరుగా రాసి చదివాను. మొదటి 64 బైట్ల చోట రెండో సగం కూర్చుని ఉంది! ఈ చిప్‌లో పేజీ, అంటే ఒకే రాతలో రాయగల భాగం, 64 బైట్లు. ఒకే రాతలో పేజీ చివర దాటితే చిరునామా ముందుకు పోదు, అదే పేజీ మొదటికి వస్తుంది. అందుకే ఇప్పుడు ప్రతి రాతనూ పేజీ హద్దు దగ్గర తెంచి, ముక్క ముక్కకూ 5 మిల్లీసెకన్లు ఆగుతున్నాను. ఆగకపోతే చిప్ జవాబివ్వదు, ఓఎస్ఎర్రర్ వస్తుంది.

బుధవారం మౌంట్ నిలిచింది. పాత లాగింగ్ ప్రోగ్రాములో ఫైలు దారి ఒక్కటే మార్చాను, మిగతా ఒక్క వరుస కూడా ముట్టుకోలేదు. ఈ సంతోషం కోసమే ఇంత శ్రమ! ఒక్కో ఫోల్డరు రెండేసి బ్లాకులు తింటుంది కనుక నెలకో ఫోల్డరు ఆలోచన మానుకుని ఒకే ఫైలు ఉంచాను.

నిన్న రాస్తుండగా పదిసార్లు యూఎస్‌బీ పీకాను. ఫైలు ప్రతిసారీ తెరుచుకుంది. ఫ్లష్ చేయని వరుసలు, అంటే ఇంకా చిప్‌లోకి చేరనివి, మాత్రం పోయాయి. ఇక ప్రతి కొలత తర్వాతా ఫ్లష్ పెడుతున్నాను.